మూడుసార్లు పూడ్చినా కారిన జాయింట్: పాత సీఐ పైపుకు పీవీసీ కలిపిన ఒక కేసు

ముందు ఫోన్ చేసింది కింద షాపతను. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి రెండు సందుల అవతల అతని కొట్టు. ఇత్తడి దీపాలు, దేవుడి పటాలు అమ్ముతాడు. పైన రెండు అంతస్తుల్లో యాత్రికులకు రోజు అద్దెకిచ్చే గదులు. "సామీ, గోడకు తగిలించిన పటాలన్నీ ఉబ్బిపోతా ఉండాయి. వాసనకి బేరానికొచ్చినోళ్లు ముక్కు మూసుకుని పోతా ఉండారు. ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు.

వెళ్లి చూస్తే షాపు వెనక గోడ పైకప్పు నుంచి నడుము ఎత్తు దాకా నల్లగా చెమ్మ. గోడ అవతల రెండడుగుల సందు. ఆ సందులో, గోడకు ఆనుకుని, మూడంతస్తుల ఎత్తున పాత సీఐ పైపు, అంటే పోత ఇనుముది. ఇల్లు 1979లో కట్టారట. అప్పట్లో మరుగుదొడ్డి పైపంటే పోత ఇనుమే. నాలుగంగుళాల పైపు, ఆరడుగుల ముక్కలు, ఒక్కొక్కటీ ఇరవై కిలోలు తూగుతుంది. పై ముక్క కొనను కింది ముక్క సాకెట్‌లోకి, అంటే దాని వెడల్పాటి నోట్లోకి దించి, చుట్టూ జనపనార కూరి, దాని మీద కరిగిన సీసం పోసి, చల్లారాక ఉలితో కొట్టి బిగించేవారు. ఈ ఇంట్లో ఆ సీసం జాయింట్లు ఒక్కటీ కారలేదు. కారుతున్నది రెండేళ్ల కిందట పెట్టినది.

రెండేళ్ల కిందట మొదటి అంతస్తు బాత్రూమ్ పగలగొట్టి కొత్త టైల్స్ వేసి, నేల కమోడ్ తీసి వెస్టర్న్ కమోడ్ పెట్టించారు. ఆ పని చేసినతను నిలువు పైపుకున్న టీలోంచి (అడ్డ పైపు వచ్చి కలిసే మూడు నోళ్ల ముక్క) పాత అడ్డ పైపును సుత్తితో కొట్టి ఊడదీసి, ఖాళీ అయిన సాకెట్‌లో 110 మి.మీ. పీవీసీ పైపు దూర్చాడు. సాకెట్ లోపలి కొలత దాదాపు 130 మి.మీ. అంటే పీవీసీ చుట్టూ ఒక సెంటీమీటర్ ఖాళీ. అందులో గోనెపట్టా పీచు కుక్కి సిమెంట్ కూరి, పైన తెల్ల సిమెంట్‌తో నున్నగా చేశాడు. ఆరు నెలలకు కారింది. ఎపాక్సీ ముద్ద పూశారు. మళ్లీ కారింది. మూడోసారి తారు పూసి, దాని మీద తలపాగా చుట్టినట్టు సిమెంట్ కాలర్ కట్టారు. నేను వెళ్లేసరికి ఆ తలపాగా కింది అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి.

ఆ పని చేసినతన్ని తిట్టే హక్కు నాకు లేదు. నేను పని మొదలుపెట్టిన మొదటి పదేళ్లూ ఇట్లాంటి జాయింట్లు బోలెడు పెట్టాను. మా మేస్త్రీ నేర్పింది అదే. కొన్ని ఇప్పటికీ బాగానే ఉన్నాయి, ఎక్కువ భాగం గోడల్లోపల ఏం చేస్తున్నాయో ఆ ఇళ్లవాళ్లకే తెలియాలి.

సాంబ్రాణి పొగ

పైకి కనిపించే చుక్కను నమ్మి జాయింట్ ఒక్కటీ మార్చేస్తే నాలుగో రిపేరు నాదే అవుతుంది. అందుకని ముందు పొగ పరీక్ష. కింది చాంబర్ (పైపు దిగే మురుగు తొట్టి) మూత తీసి అరగంట గాలి ఆడనిచ్చాం. డ్రైనేజీ గ్యాస్‌కు నిప్పు అంటుకుంటుంది కాబట్టి చాంబర్ దరిదాపుల్లో నిప్పు పెట్టకూడదు. ఒక పాత పెయింట్ డబ్బాలో బొగ్గులు వేసి సందు మొదట్లో పెట్టి, సాంబ్రాణి చల్లి, ఆ పొగను పొడవాటి గొట్టంతో, చిన్న బ్లోయర్‌తో పైపులోకి తోలాం. బాత్రూముల్లో ట్రాపులన్నిట్లో, అంటే వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపుల్లో, నీళ్లు పోయించాం. మేడ మీద పైపు కొసన పొగ కనిపించగానే దానికి తడి గోనె చుట్టేశాం.

కాలర్ చుట్టూ పొగ వచ్చింది, అది అనుకున్నదే. దానికి అడుగు కింద, పైపుకు గోడవైపు, సన్నటి నిలువు గీతలాగా ఇంకో పొగ లేచింది. అది చూసి మా కుర్రోడు "అన్నా, ఇది జాయింట్ కాదు" అన్నాడు. షాపతను లోపల్నుంచి తల బయట పెట్టి, "ఈరోజు శుక్రవారం కూడా కాదే, సాంబ్రాణి ఎవరు వేస్తా ఉండారు?" అన్నాడు.

అది పైపు పగులు. పాత అడ్డ పైపును సుత్తితో కొట్టినప్పుడు వచ్చిందని నా అంచనా. పోత ఇనుము బరువును మోస్తుంది, దెబ్బను ఓర్చుకోదు. స్టీలు అయితే సొట్ట పడుతుంది, ఇది గాజులా చిట్లుతుంది. చిట్లిన చోటుకీ దెబ్బ తగిలిన చోటుకీ మూరెడు దూరం ఉన్నా ఆశ్చర్యం లేదు. పగులు ఎంతవరకు పోయిందో తేల్చడానికి పాత పద్ధతి ఒకటుంది. పైపును వైరు బ్రష్‌తో రుద్ది, కిరోసిన్ పూసి, తుడిచేసి, పైన సుద్దపొడి అద్దాలి. పగుల్లో దూరిన కిరోసిన్ మెల్లగా బయటికొచ్చి సుద్దను తడుపుతుంది, గీత కనిపిస్తుంది. టీ మెడ నుంచి కిందికి రెండడుగుల ఎనిమిదంగుళాలు తేలింది. చివర చాక్‌పీసుతో గుర్తు పెట్టాను.

తర్వాత పైపంతా స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోయాను. మంచి పైపు గుడిగంటంత కాకపోయినా ఖంగుమంటుంది. చచ్చిన పైపు పగిలిన మట్టికుండలా మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో గీకాలి. పోత ఇనుములో ఉండే గ్రాఫైట్ తుప్పుకు లొంగదు. ఇనుము తినేసినా గ్రాఫైట్ అదే ఆకారంలో నిలబడి ఉంటుంది, చూడ్డానికి పైపు నిండుగానే కనిపిస్తుంది. గీకితే పెన్సిల్ ములుకులా నల్లపొడి రాలుతుంది. రోజూ బాత్రూముల్లో యాసిడ్ పోసి కడిగే లాడ్జీల్లో ఇది జాస్తి. ఇక్కడ అదృష్టం, టీ కింద పగులు తప్ప పైనా కిందా లోహం గట్టిగానే ఉంది.

సిమెంట్ ఎందుకు నిలబడలేదు

సిమెంట్ మంచిదే, పని తప్పు. మొదటి సంగతి, పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంట్ దాన్ని పట్టుకోదు. చాంబర్ గోడలోకి పీవీసీ పైపు దింపేటప్పుడు పైపు మీద సాల్వెంట్ (పీవీసీ అతికించే జిగురు) పూసి, తడిగా ఉండగానే ఇసుక చల్లితే గరుకెక్కి సిమెంట్ పట్టుకుంటుంది. ఆ చిట్కా అక్కడ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ పైపు కదలదు. ఇక్కడ కదులుతుంది.

ఎంత కదులుతుంది? మీటరు పీవీసీ ఒక్క డిగ్రీ వేడికి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. పోత ఇనుము 0.01 మి.మీ. ఈ ఇంట్లో అడ్డ పైపు, దాని కొసరు ముక్కలు కలిపి మూడు మీటర్లు. తిరుపతి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మే నెలలో నలభై దాటుతుంది, పైగా గీజర్ నీళ్లు. ముప్పై డిగ్రీల తేడా అనుకున్నా పీవీసీ ఆరు మిల్లీమీటర్లకు పైగా సాగి ముడుచుకుంటుంది, ఇనుము ఒక్క మిల్లీమీటరు కదిలితే ఎక్కువ. తెల్లారుజామున సుప్రభాతం దర్శనానికి పోయేవాళ్ల వేణ్నీళ్ల స్నానాలు మొదలైతే సాగుతుంది, గదులు ఖాళీ అయ్యాక ముడుచుకుంటుంది. రోజుకు ఎన్నిసార్లో. ఆ మధ్యలో ఇరుక్కున్న సిమెంట్ ఆరేటప్పుడే కొంచెం కుంచించుకుపోయి ఉంటుంది, ఈ తోపులాటకు పీవీసీ చుట్టూ వెంట్రుక మందం సందు తెరుచుకుంటుంది. నీళ్లకు అంత దారి చాలు. తారూ ఎపాక్సీ ఏది పూసినా కథ ఇదే, కాకపోతే ఇంకో ఆరు నెలలు వాయిదా పడుతుంది.

పాత పద్ధతిలో సీసమే పోస్తే పోలా అని ఒక పెద్దాయన నన్ను అడిగాడు. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర. పీవీసీ ఎనభైకే మెత్తబడుతుంది. నేర్చుకునే రోజుల్లో నేను ఆ ప్రయోగమూ చేశాను, పైపు తాటిముంజెలా మెత్తబడి ఒక పక్కకు వాలిపోయింది. మా మేస్త్రీ ఆ ముక్కను చాలా రోజులు షెడ్డులో మేకుకు తగిలించి ఉంచాడు. పైగా తడి సాకెట్‌లో కరిగిన సీసం పోస్తే ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది.

ఏం చేయాలని తేల్చాం

ఇంటావిడకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. పక్క వీధిలో కొడుకు దగ్గర ఉంటారు. "నాయనా, పైపంతా పీకేసి కొత్తది వేయమని ఒకాయన చెప్తా ఉండాడు. లక్ష దాటుతుందంట. నువ్వేమంటావు?" అని అడిగారు.

మొత్తం మార్చమని చెప్పడం మాకు సులువు, లాభం కూడా. చెడ్డ సలహా అని కూడా అనను. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. కానీ పై అంతస్తులో రెండు బాత్రూములు పగలగొట్టాలి, పది రోజులు గదులు మూయాలి. పై భాగం గట్టిగా ఖంగుమంటోంది. "అమ్మా, పగిలిన టీతో సహా ఐదడుగులు కోసేసి, ఆ మధ్య ముక్క పీవీసీ పెడతాను. పైనా కిందా రబ్బర్ కప్లింగులు వస్తాయి. మిగతా పైపు ఇంకో పదేళ్లు ఉండొచ్చు, రెండేళ్లకే పోవచ్చు, అది మాత్రం రాసివ్వలేను" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "రాసిస్తానన్నోడే మూడుసార్లు చేశాడులే" అన్నారు.

సాకెట్ బాగుండి పగులు లేకపోయి ఉంటే ఇంతకంటే చిన్న పనే. సిమెంట్ చెక్కేసి, సాకెట్ లోపల శుభ్రం చేసి, ఆ ఖాళీకి సరిపడే మందపాటి రబ్బర్ రింగు దిగ్గొట్టి, అందులోకి పీవీసీని సబ్బునీళ్లతో తోస్తే సరిపోయేది.

కప్లింగ్ కొలత దగ్గర నేను తిన్న దెబ్బ

ఈ కప్లింగ్ అంటే లోపల రబ్బర్ గొట్టం, పైన స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు, రెండు పక్కలా బిగించే క్లాంపులు. రేకు లేని ఉత్త రబ్బర్‌వి కూడా దొరుకుతాయి, భూమిలో వేసే పైపులకు అవి సరే. నిలువు పైపుకు నేను వాడను, బరువు పక్కకు జరిగితే రబ్బర్ వంగిపోయి లోపల అంచు లేస్తుంది.

తిరుపతి హార్డ్‌వేర్ షాపుల్లో ఆ వారం రేకున్న రకం దొరకలేదు. ఆన్‌లైన్‌లో "నాలుగంగుళాల సీఐ నుంచి నాలుగంగుళాల పీవీసీ" అని చూసి తెప్పించాను. వచ్చాక మన పైపుకు ఎక్కిస్తే వదులు. అది అమెరికా కొలత. వాళ్ల నాలుగంగుళాల పీవీసీ బయటి కొలత 114 మి.మీ. పైన ఉంటుంది, మన ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాన నీళ్ల పీవీసీ) పైపు 110. నాలుగు మిల్లీమీటర్లే కదా అని బిగించి చూశాను. రబ్బర్ ఒకచోట మడతపడింది. మడత పడ్డచోట కారడం ఖాయం. తిప్పి పంపి, చెన్నైలో కొలతలు చెప్పి ఇంకో రెండు తెప్పించాను. రెండూ కలిపి మూడు వేల చిల్లర. నాలుగు వందల రూపాయల సిమెంట్ బస్తాతో అయ్యే పనికి ఇంతా అని ఆవిడ కొడుకు నసిగాడు.

కాబట్టి అంగుళాల పేరుతో కొనొద్దు. పాత పైపు మీద రంగులు, తారు పొరలన్నీ గీకేసి, కాలిపర్‌తో రెండు వైపులా కొలవాలి. ఎందుకంటే పాత పోత పైపు అచ్చం గుండ్రంగా ఉండదు. ఇక్కడ ఒక వైపు 109, ఇంకో వైపు 111 వచ్చింది. కాలిపర్ లేకపోతే చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించినా చాలు.

కోసిన రోజు

శని, ఆదివారాల్లో గదులు ఖాళీ ఉండవు కాబట్టి మంగళవారం పెట్టుకున్నాం. ముందురోజు రాత్రి పై గదులకు తాళం వేయించాను. బాత్రూములు వాడొద్దని చెబితే సరిపోదు, తెల్లారుజామున కొండ దిగి వచ్చినవాళ్లకు ఆ మాట ఎవరు చెప్తారు?

కోయడానికి ముందు చేయాల్సిన అసలు పని పై పైపును పట్టి నిలపడం. మేం కోసే చోటికి పైన మూడు నాలుగు ముక్కలు, టీలు కలిపి వంద కిలోల దాకా ఉంటాయి. ఆ పైపుకు గోడలో మేకులు దిగిన చెవులున్నాయి, కానీ ఆ మేకులు కొట్టింది చెక్క బిరడాల్లోకి. నలభై ఏళ్లయ్యాక ఆ చెక్క ఎలా ఉందో ఎవరికి తెలుసు? కింద ముక్క తీసేశాక పైదంతా జారి మనిషి మీద పడితే చెప్పుకోవడానికేం ఉండదు. సాకెట్ అంచు కింద ఆనేలా ఇనుప యాంగిల్ బ్రాకెట్ రెండు చోట్ల, గోడకు యాంకర్ బోల్టులతో బిగించాం. అవి పని అయ్యాక కూడా తీయలేదు, శాశ్వతంగా ఉంటాయి. పీవీసీ మీద ఇనుము బరువు పడకూడదు.

పైపుకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందే ఉంది. అందుకని రెండు కోత గీతల దగ్గర గోడను రెండంగుళాల లోతు చెక్కాం. క్లాంపు స్క్రూ తిప్పడానికి ఎలాగూ ఆ చోటు కావాలి. పై కోత పాత సాకెట్‌కు రెండంగుళాల పైన, కింది కోత పగులు ఆగిన గుర్తుకు ఆరంగుళాల కింద. గ్రైండర్‌తో చుట్టూ కొద్దికొద్దిగా తిప్పుకుంటూ కోశాం, వెనక మిగిలిన కాస్త హాక్సా బ్లేడుకు గుడ్డ చుట్టి చేత్తో. ఇంకా రెండు మిల్లీమీటర్లే కదా అని సుత్తి దెబ్బ వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. గ్యాస్ నిలవకుండా చాంబర్ మూతలు ముందే తీసి ఉంచాం, నిప్పురవ్వలు లోపలికి పోకుండా కింది పైపు నోట్లో తడిగుడ్డ కుక్కాం. ఆ గుడ్డకు తాడు కట్టి, తాడు బయట కట్టేయాలి. ఒకసారి మరిచిపోయి గుడ్డ చాంబర్ దాకా పోయింది, ఈ ఇంట్లో కాదులెండి.

తీసిన ముక్క లోపల చూస్తే నూరు మిల్లీమీటర్ల దారి డెబ్బైకి వచ్చి ఉంది. ఊళ్లో బోరు నీళ్ల సున్నమంతా గట్టి పెంకు కట్టింది, దానికి అతుక్కుని వెంట్రుకలు, గుండు మీద పూసే చందనం పసుప్పచ్చగా పొరలు పొరలు. వీలైనంత మేర పైకీ కిందికీ గీకించాను.

తర్వాత ఒక చిన్న పని, చాలామంది చేయరు. మన 110 టైప్ బి పైపు గోడ 3.2 మి.మీ., లోపలి దారి 103 మి.మీ. పైన. సీఐ పైపు లోపల 100. పై జాయింట్‌లో నీళ్లు చిన్న దారి నుంచి పెద్ద దారిలోకి పడతాయి, ఇబ్బంది లేదు. కింది జాయింట్‌లో పెద్ద దాని నుంచి చిన్నదానిలోకి పడతాయి, అక్కడ ఇనుము అంచు మెట్టులా నిలబడుతుంది. లాడ్జి పైపులో ఆ మెట్టుకు వెంట్రుక తగులుకుందంటే ఏడాదికి జడ అవుతుంది. ఆ అంచును లోపలివైపు ఆకురాయితో ఏటవాలుగా రుద్దించాను.

టైప్ ఎ పైపు సన్నగా 2.2 మి.మీ. ఉంటుంది, వాన నీళ్లకూ గాలి గొట్టానికీ. షాపువాడు అదే ఇవ్వబోయాడు, ధర తక్కువని. మలం పైపుకు, పైగా క్లాంపు బిగించే చోట, అది వాడకూడదు.

పీవీసీ ముక్కను కోసిన ఖాళీ పొడవు కంటే ఒక సెంటీమీటరు తక్కువ కోశాం. కప్లింగ్ రేకును పాత పైపు మీదికి ముందే తోసి, రబ్బర్‌ను మేజోడు మడిచినట్టు సగం వెనక్కి మడిచి, పీవీసీని మధ్యలో నిలబెట్టి మడత విప్పాం. జారడానికి సబ్బునీళ్లే. మా కుర్రోడు గ్రీజు డబ్బా తెచ్చాడు, వెనక్కి పంపాను. గ్రీజుకు రబ్బర్ ఉబ్బి చెడిపోతుంది. క్లాంపులు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోటి అనకుండా, మార్చి మార్చి కొంచెం కొంచెం.

టీకి తలుపున్న రకమే పెట్టాం, తలుపు సందువైపు, మనిషి చెయ్యి పోయేలా. పాతదాని తలుపు గోడవైపు ఉండేది, అందుకే నలభై ఏళ్లలో దాన్ని ఎవరూ తెరవలేదు. బాత్రూమ్ నుంచి వచ్చే నాలుగడుగుల అడ్డ పైపును టీలోకి రబ్బర్ రింగు జాయింట్‌తో దించాం. చివరిదాకా తోసి, పెన్సిల్ గీత పెట్టి, ఒక సెంటీమీటరు వెనక్కి లాగాం. సాగేటప్పుడు ఆ సెంటీమీటర్లోకి పోతుంది. వాలు నలభైకి ఒకటి, అంటే నాలుగడుగులకు అంగుళం పైచిలుకు.

పరీక్ష, ఆ తర్వాత

కింద పైపులో ఫుట్‌బాల్ బ్లాడర్ దించి గాలి కొట్టి మూసేసి, టీ పైదాకా నీళ్లు నింపాం. జాయింట్ల చుట్టూ విబూది పూశాను. చెమ్మ పుట్టిన చోట విబూది నల్లబడుతుంది, కంటికి కనపడని చుక్క కూడా దాక్కోలేదు. పై కప్లింగ్ పొడిగా ఉంది. కింది కప్లింగ్ దగ్గర ఇరవై నిమిషాలకు గోరంత మచ్చ. నీళ్లు వదిలేసి విప్పి చూస్తే, సీఐ మీద పాత పోత గీత ఒకటి ఉబ్బెత్తుగా ఉంది. నేనే సరిగా రుద్దించలేదు. ఆకురాయి పట్టి నున్నగా చేసి మళ్లీ బిగించాం. ఈసారి గంటసేపు ఉంచినా విబూది తెల్లగానే ఉంది.

పాత సాకెట్‌లోంచి ఊడిన సీసం ముక్కలు వీధి పిల్లలు ఆడుకోవడానికి పట్టుకుపోబోతే లాక్కుని సంచిలో కట్టించాను. అది ఒంటికి విషం, మేమూ చేతులు కడుక్కునే టీ తాగాం. ఇనుప ముక్క మా కుర్రోడి వాటా, పాత ఇనుప సామాన్లవాడికి వేశాడు.

షాపు గోడకు వెంటనే రంగు వేయొద్దని చెప్పాను. పాత పూత ఊడదీసి వదిలేస్తే, చెమ్మ ఆరడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ షాపతను వారానికోసారి ఫోన్ చేసి "ఇంకా తడిగానే ఉండాది సామీ" అంటూనే ఉన్నాడు. ప్రతిసారీ పోయి కప్లింగ్ తడిమి చూశాను, పొడిగానే ఉంది. గోడ తాగిన నీళ్లు గోడే కక్కాలి. నాలుగో నెలలో క్లాంపులు పట్టి చూస్తే కింది దానికి పావు తిప్పు పట్టింది. పక్కన గోడ మీద ఎర్ర పెయింట్‌తో బిగించిన తేదీ, 110 అని ఒక వైపు, 109-111 అని ఇంకో వైపు రాసిపెట్టాను. ఈసారి ఆ సందులోకి దూరేది నేనో ఇంకెవరో.